చక్రం కదిలాకే లెక్క మొదలు

శంషాబాద్ నుంచి ఉదయం 6 గంటలకు బయల్దేరే విమానం ఎక్కేవాళ్లకు అది 'పొద్దున్నే ఫ్లైట్'. అందులో పనిచేసేవాళ్లకు మాత్రం అది ముందురోజు సాయంత్రమే మొదలైపోతుంది. దేశీయ సర్వీసుకు సిబ్బంది మామూలుగా గంట ముందు రిపోర్టు చేయాలి, అంటే 5 గంటలకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఉండే మనిషిని ఎక్కించుకుని, దారిలో ఇంకొకరిద్దరిని కలుపుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా చేరాలంటే, క్యాబ్ మూడుంబావుకల్లా ఇంటి ముందు హారన్ కొట్టాలి. జుట్టు ముడి, మేకప్, మడత నలగని యూనిఫాం ఇవన్నీ కావాలి కాబట్టి క్యాబిన్ క్రూ అమ్మాయికి అలారం 2 గంటలకు. ఏడు గంటలు నిద్రపోవాలంటే రాత్రి ఏడింటికే పడుకోవాలి.

ఆ వేళకు పక్కింట్లో సీరియల్ నడుస్తుంటుంది, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంటుంది, కింద పార్కింగ్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఇవేవీ లేకపోయినా నిద్ర రాదు. రోజూ పదీ పదకొండుకు పడుకునే ఒంటికి, దానికి ముందున్న రెండు మూడు గంటలే అన్నిటికంటే మెలకువగా ఉండే సమయమని నిద్ర మీద పరిశోధించినవాళ్లు ఎప్పుడో తేల్చారు. మంచం మీద అటూ ఇటూ దొర్లి, తొమ్మిదిన్నరకు కన్నంటుకుని, రెండింటికి లేచిన మనిషి నాలుగున్నర గంటల నిద్రతో డ్యూటీకి వస్తుంది. కంపెనీ పుస్తకాల్లో మాత్రం ఆమెకు ముందురోజు 'పూర్తి విశ్రాంతి'.

విమాన సిబ్బంది ఉద్యోగం గురించి చెప్పుకునే మాటల్లో ఊళ్లు, హోటళ్లు, జీతాలు ఎక్కువగా ఉంటాయి. నిజానికి ఈ ఉద్యోగమంతా గడియారం చుట్టూ తిరిగే తగాదా. పని ఎప్పుడు మొదలైనట్టు, ఎప్పుడు ముగిసినట్టు అన్న ప్రశ్నకు జీతాలిచ్చే కంపెనీ ఒక లెక్క చెబుతుంది, ప్రభుత్వ నిబంధన ఇంకో లెక్క చెబుతుంది, ఒళ్లు మూడో లెక్క చెబుతుంది. ఈ మూడూ ఎప్పుడూ కలవవు.

ముందు జీతం సంగతి. విమానం చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మలను చోక్స్ అంటారు. అవి తీసి, బ్రేకు వదిలి విమానం కదిలిన క్షణం నుంచి, దిగిన ఊళ్లో ఆగి మళ్లీ దిమ్మలు పడేదాకా ఉన్న సమయం 'బ్లాక్ టైమ్'. ప్రపంచంలో చాలా చోట్ల సిబ్బందికి గంటల లెక్కన వచ్చే డబ్బు దీనిమీదే ఆధారపడి ఉంటుంది. విచిత్రమేమిటంటే క్యాబిన్ సిబ్బందికి ఒళ్లు హూనమయ్యే పని దిమ్మలు తీయకముందే అయిపోతుంది. నూట ఎనభై మందిని ఎక్కించాలి. పైన చోటు లేదని బ్యాగు పట్టుకుని నడవలో నిలబడ్డాయన్ని సముదాయించాలి. "మేమిద్దరం కలిసి కూర్చోవాలమ్మా" అనే పెద్దావిడకు సీటు మార్చి పెట్టాలి. ఎమర్జెన్సీ ద్వారం పక్కన కూర్చున్నవాళ్లకు తలుపు ఎలా తీయాలో చెప్పాలి. చంటిపిల్లకు బెల్టు ఇవ్వాలి, ఫోన్ పెట్టనివాళ్లతో పెట్టించాలి. పొగమంచు వల్లో రద్దీ వల్లో విమానం గేటు దగ్గరే రెండు గంటలు ఆగిపోతే, ఆ రెండు గంటలూ జనం కోపాన్ని కాచుకునేదీ వాళ్లే. అప్పటికి చక్రం ఇంకా కదలదు.

ఈ లెక్క మీద అమెరికాలో, కెనడాలో గట్టి గొడవే నడుస్తోంది. 2022లో డెల్టా ఎయిర్‌లైన్స్ బోర్డింగ్ సమయానికి కూడా మామూలు గంట రేటులో సగం ఇవ్వడం మొదలుపెట్టింది. అంతవరకూ అమెరికాలో పెద్ద కంపెనీలేవీ ఆ పని చేయలేదు. 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది 10 వేల మందికి పైగా సమ్మెకు దిగినప్పుడు ప్రధాన డిమాండ్లలో ఇదొకటి: నేల మీద చేసే పనికీ కూలి ఇవ్వాలి. తిరిగి పనిలోకి రమ్మని ప్రభుత్వం ఆదేశించినా యూనియన్ వెంటనే లొంగలేదు. చివరికి కుదిరిన ఒప్పందంలో నేల మీద పనికి కొంత చెల్లించడానికి కంపెనీ ఒప్పుకోక తప్పలేదు.

మన దేశంలో తీరు కాస్త వేరు. ఇక్కడ నెలకు ఇంత అని ఒక స్థిర జీతం ఉంటుంది, దానిపైన ఎగిరిన గంటలకు అలవెన్సు వస్తుంది. కాబట్టి బోర్డింగ్ పని పూర్తిగా ఉచితమనడం సరికాదు. కానీ ఇల్లు గడిచేదీ, ఈఎంఐ కట్టేదీ ఆ రెండో భాగంతోనే. పైలట్లకైతే నెలకు ఇన్ని గంటలకు గ్యారంటీ అని ఉంటుంది, అది దాటితే అదనం. కొవిడ్ రోజుల్లో విమానాలు నేలకు దిగినప్పుడు ఈ ఏర్పాటు అసలు రంగు బయటపడింది. ఎగరని మనిషి జీతం ఒక్కసారిగా చిక్కిపోయింది, కొందరిని జీతం లేని సెలవు మీద పంపారు, 2020 జులైలో ఇండిగో పది శాతం ఉద్యోగులను తీసేసింది.

ఈ పద్ధతి వల్ల ఇంకో కీడు ఉంది, అది బయటికి కనిపించదు. జలుబు చేసిందనుకుందాం. ఆఫీసు ఉద్యోగికి జలుబు పెద్ద విషయం కాదు. ఎగిరేవాళ్లకు ముక్కు దిబ్బడ వేస్తే చెవికీ గొంతుకీ మధ్య ఉన్న సన్నని గొట్టం మూసుకుపోతుంది. విమానం కిందికి దిగేటప్పుడు బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది, లోపలి ఒత్తిడి దానితో సమం కాదు. కర్ణభేరి మీద సూదితో పొడిచినట్టు నొప్పి, ఒక్కోసారి అది చిల్లు పడుతుంది కూడా. అందుకే జలుబుంటే ఎగరకూడదని శిక్షణలో మొదటి వారమే చెబుతారు. కానీ వారం సిక్ లీవు పెడితే ఆ వారం గంటలు పోతాయి. మరీ ఎక్కువసార్లు పెడితే రికార్డులో పడుతుంది. జేబులో ముక్కు స్ప్రే వేసుకుని డ్యూటీకి వెళ్లేవాళ్లు ఎందుకు ఉంటారో ఇంతకంటే వివరం అక్కర్లేదు.

'ఊళ్లు తిరిగే ఉద్యోగం' అన్న మాటకు వద్దాం. పెద్ద విమానాల్లో దూరదేశాలకు వెళ్లేవాళ్లకు అందులో కొంత నిజం ఉంది. దేశంలో ఎక్కువమంది పనిచేసేది మాత్రం ఎయిర్‌బస్ 320 లాంటి చిన్న విమానాల్లో. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి పుణె, పుణె నుంచి మళ్లీ హైదరాబాద్. మూడు ఊళ్లలోనూ చూసింది ఏరోబ్రిడ్జి చివర కనిపించే గ్లాసు తలుపు. దిగేవాళ్లు దిగి ఎక్కేవాళ్లు ఎక్కడానికి మధ్య చవక విమానాల్లో అరగంటకు మించి ఇవ్వరు. ఆ అరగంటలోనే సీట్ల కింద, తలల మీది అరల్లో ఎవరైనా ఏదైనా వదిలేశారా అని భద్రతా తనిఖీ చేయాలి, చెత్త ఏరాలి, బెల్టులు సర్దాలి, తినుబండారాల లెక్క చూసుకోవాలి. సిబ్బంది భోజనమంటే విమానం వెనక మూల ఉండే గ్యాలీలో (చిన్న వంటగది లాంటి చోటు), తెర లాగి, నిలబడే నాలుగు ముద్దలు. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి పైన గంట మోగుతుంది. ఎవరికో మంచినీళ్లు కావాలి.

సామాన్లు నిండిన ట్రాలీ వంద కిలోల దాకా ఉంటుంది. విమానం ఇంకా పైకి ఎక్కుతుండగానే, అంటే నేల ఏటవాలుగా ఉండగానే, దాన్ని తోసుకుంటూ ముందుకు పోవాలి. లోపలి గాలి పీడనం 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది, తేమ ఇరవై శాతం కూడా ఉండదు. చర్మం పగలడం, కళ్లు మండటం, పాదాలు వాయడం రోజువారీ సంగతులు. ఇంటికొచ్చాక బూట్లు విప్పితే మడమల మీద పడిన గుర్తులు మర్నాటికి గానీ పోవు.

ఇంతా చేసి, ఆ మనిషి విమానంలో ఉన్నది కాఫీ ఇవ్వడానికి కాదు. ప్రతి 50 సీట్లకు ఒక క్యాబిన్ సిబ్బంది ఉండాలన్న నియమం భోజనం పెట్టడం కోసం పుట్టలేదు. ప్రమాదం జరిగితే సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో విమానం ఖాళీ కావాలి అన్న పరీక్ష నెగ్గితేనే కొత్త రకం విమానానికి అనుమతి ఇస్తారు. ఆ తలుపుల దగ్గర నిలబడి జనాన్ని బయటికి తోసేది వీళ్లే. టేకాఫ్‌కు ముందు తలుపు పక్కన మడత సీటులో బెల్టు బిగించుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఎటో చూస్తున్నట్టు కనిపించే అమ్మాయిని ఎవరైనా గమనించే ఉంటారు. ఆమె పరధ్యానంగా లేదు. ఇప్పుడు మంట లేస్తే ఏ తలుపు తీయాలి, తీసేముందు అద్దంలోంచి ఏం చూడాలి, ఏమని అరవాలి, దగ్గర్లో బలమైన ప్రయాణికుడు ఎవరు అని మనసులో వరసగా చెప్పుకుంటోంది. దాన్ని సైలెంట్ రివ్యూ అంటారు. ప్రతి టేకాఫ్‌కీ, ప్రతి ల్యాండింగ్‌కీ. నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ప్రయాణం ఒక సెక్టార్) ఉన్న రోజున ఎనిమిదిసార్లు.

దాని విలువ ఏమిటో 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టులో ప్రపంచమంతా చూసింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని మండిపోయింది. లోపల 379 మంది. మైకు పనిచేయలేదు. మెగాఫోన్లతో, గొంతు చించుకుని అరుస్తూ సిబ్బంది నడిపించారు. తెరవగలిగినవి మూడే తలుపులు. కాక్‌పిట్‌తో మాట్లాడే దారి లేక వెనక ఎడమవైపు తలుపును అక్కడున్న క్యాబిన్ సిబ్బంది తమ సొంత నిర్ణయంతో తెరిచారు. జనం సామాన్లు వదిలేసి దిగారు. దిగిన 18 నిమిషాలకు చివరి మనిషి బయట ఉన్నాడు, ఎ350లో ఒక్క ప్రాణమూ పోలేదు. (చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు.) మన దగ్గర ఈ మాట వస్తే అందరికీ గుర్తొచ్చే పేరు నీర్జా భానోత్. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ యామ్ 73 విమానాన్ని ముష్కరులు చేజిక్కించుకోగానే ఆమె కాక్‌పిట్‌కు కబురందించారు. పైలట్లు తప్పించుకోవడంతో విమానం గాల్లోకి లేవలేకపోయింది. ఇంకా 23 ఏళ్లు నిండని ఆమెకు మరణానంతరం అశోకచక్ర ఇచ్చారు. అయినా ఈ ఉద్యోగాన్ని చూసే కళ్లు పెద్దగా మారలేదు. ఇంటర్వ్యూలో ఇప్పటికీ ముందు చూసేది ఎత్తు, బరువు, చర్మం మీద మచ్చలు.

ఆ చూపుకు పాత చరిత్రే ఉంది. 1930లో అమెరికాలో మొదటి స్టివార్డెస్‌గా చేరిన ఎలెన్ చర్చ్ నిజానికి నర్సు. మొదటి జట్టులో అందరూ నర్సులే. తర్వాత్తర్వాత నర్సు పోయి అందం మిగిలింది. మన ఎయిరిండియా నిబంధనల ప్రకారం ఎయిర్‌హోస్టెస్‌కు 35 ఏళ్లు రాగానే, లేదా చేరిన నాలుగేళ్లలోపు పెళ్లయితే, లేదా మొదటిసారి గర్భం రాగానే ఉద్యోగం ముగిసేది. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం షరతును కొట్టేసింది, ఏకపక్షమంటూ గట్టిగానే మాట్లాడింది. నాలుగేళ్లలోపు పెళ్లి వద్దన్న షరతు మాత్రం సబబేనంది. కుటుంబ నియంత్రణకు మంచిదట! ఆ తీర్పు లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు, చదివి ఆశ్చర్యపోతారు.

కాక్‌పిట్ వైపు కథ డబ్బుతో మొదలవుతుంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. దానికి లక్షల్లో ఖర్చు. ఆపై ఒక రకం విమానం నడపడానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. కంపెనీ క్యాడెట్ కోర్సులో చేరితే మొత్తం కోటికి దగ్గరపడుతుంది, దాటుతుంది కూడా. పొలమో ఇంటి స్థలమో బ్యాంకులో పెట్టి పిల్లల్ని పైలట్ చదివించిన తల్లిదండ్రులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. లైసెన్సు చేతికొచ్చినా ఉద్యోగం వెంటనే రాదు. ఒకటి రెండేళ్లు ఖాళీగా ఉంటే నేర్చుకున్నది తుప్పు పట్టకుండా మళ్లీ డబ్బు పోసి ఎగరాలి. ఉద్యోగం వచ్చాక కంపెనీ మూతపడే ప్రమాదం ఉండనే ఉంది. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. ప్రతిసారీ రావాల్సిన జీతాలు రాక వేలమంది రోడ్డున పడ్డారు. పోనీ నచ్చని కంపెనీ వదిలి వెళదామంటే, 2017 నుంచి కెప్టెన్‌కు ఏడాది, కోపైలట్‌కు ఆరు నెలలు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉంది. కంపెనీ మూసేయడానికి మాత్రం ఏ నోటీసూ అక్కర్లేదు.

ఆర్నెల్లకోసారి సిమ్యులేటర్‌లో పరీక్ష, ఏడాదికోసారి వైద్య పరీక్ష. డాక్టరుకు ఇరవై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత మళ్లీ ఎంబీబీఎస్ రాయమని ఎవరూ అడగరు. పైలట్‌ను ఆర్నెల్లకోసారి అడుగుతారు, అది న్యాయమే. వైద్య పరీక్ష సంగతి వేరు. ఈసీజీలో ఒక గీత తేడా వస్తే చాలు, అది తేలేదాకా నెలల తరబడి నేల మీదే. ఇక మనసు బాగోలేదని చెప్పుకోవడం మరీ కష్టం. 2015 మార్చిలో జర్మన్‌వింగ్స్ కోపైలట్ తన జబ్బు దాచిపెట్టి, విమానాన్ని ఆల్ప్స్ పర్వతాలకు గుద్ది 150 మంది చావుకు కారణమయ్యాక ప్రపంచమంతా పైలట్ల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడింది. కానీ చెప్పుకుంటే లైసెన్సు పోతుందనే భయం అలాగే ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలిన నాలుగు రోజులకు, ఒక్క రోజే ఆ సంస్థలో 112 మంది పైలట్లు సిక్ లీవు పెట్టారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ అంకె వెనకున్న దిగులుకు పేరు పెట్టే అలవాటు ఈ రంగానికి ఇంకా రాలేదు.

మద్యం విషయంలో మన నిబంధనలు ప్రపంచంలోనే కఠినమైనవాటిలో ఉంటాయి. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు (అమెరికాలో 8 గంటలు). ఎక్కేముందు ఊదుడు పరీక్ష. ఒకసారి దొరికితే లైసెన్సు 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు ఆపేస్తారు, మూడోసారి పూర్తిగా పోతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడొద్దని 2023లో చేర్చారు. దగ్గు మందు తాగినా భయమే. ఇంత కచ్చితంగా ఉండటం మంచిదే. అయితే తాగినవాణ్ని పట్టుకోవడానికి చేతిలో పట్టే యంత్రం ఉంది. నిద్ర చాలనివాణ్ని పట్టుకునే యంత్రం లేదు. సరిపడా నిద్ర లేని మెదడు తాగిన మెదడులాగే తడబడుతుందని పరిశోధనలు చెబుతున్నా ఇంతే.

2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 812 మంగళూరులో రన్‌వే దాటి లోయలోకి పోయింది. 166 మందిలో 8 మందే బతికారు. కాక్‌పిట్‌లో మాటలు రికార్డు చేసే పరికరంలో ఉన్న రెండు గంటల టేపులో మొదటి గంటా నలభై నిమిషాలూ కెప్టెన్ నిద్రలోనే ఉన్నాడు, గురక వినిపిస్తుంది. దిగడానికి కాసేపటి ముందు లేచాడు. ఎత్తు ఎక్కువుంది, వేగం ఎక్కువుంది. ఈ ప్రయత్నం మానేసి మళ్లీ పైకి వెళదామని కోపైలట్ ఒకటికి మూడుసార్లు అన్నాడు, యంత్రం హెచ్చరించింది. కెప్టెన్ వినలేదు. గాఢనిద్రలోంచి లేచిన మనిషి మెదడు కొంతసేపు మందకొడిగా ఉంటుంది, దాన్ని స్లీప్ ఇనర్షియా అంటారు. అదీ ఒక కారణమై ఉంటుందని ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం రాసింది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఒంట్లో చురుకు అట్టడుగుకు పడిపోయే వేళ. ఆ విమానం నేలను తాకింది ఉదయం 6 దాటిన కొద్ది నిమిషాలకు.

కునుకు తీయడం తప్పు కాదు, పద్ధతి లేకుండా తీయడమే ముప్పు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పైలట్ల మీద చేసిన పాత అధ్యయనంలో 40 నిమిషాల అవకాశమిస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, లేచాక మరింత చురుగ్గా ఉన్నారు. అలా ఒకరు నడుపుతుండగా ఇంకొకరు లెక్క ప్రకారం కునుకు తీసి, దిగడానికి చాలా ముందే లేచే పద్ధతిని కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి. అధ్యయనం జరిగిన అమెరికా మాత్రం ఒప్పుకోదు. దూరప్రయాణాల్లో ఈ బాధ లేదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు వచ్చిన ఎయిరిండియా విమానాన్ని నడిపింది నలుగురు మహిళా పైలట్లు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ జట్టులో పాపగారి తన్మయి ఒకరు. పదిహేడు గంటల ప్రయాణంలో ఇద్దరు నడిపితే ఇద్దరు పడుకుంటారు, పడుకోవడానికి వేరే గది ఉంటుంది. హైదరాబాద్-ఢిల్లీ రాత్రి విమానంలో ఆ ఇద్దరే ఉంటారు.

అందుకే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో పైలట్ల డ్యూటీ నిబంధనలు మార్చింది. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి అంటే 12 నుంచి 5 కాదు, 12 నుంచి 6 అన్నారు. రాత్రిలోకి జొరబడే డ్యూటీలో ల్యాండింగులు 6 నుంచి 2కు తగ్గాయి. వినడానికి చిన్న మార్పులు. ఆ ఒక్క గంట ఏం చేసిందో మొదట్లో చెప్పిన 6 గంటల ఫ్లైటుతోనే చూడొచ్చు. ఉదయం 5కు రిపోర్టు చేసే పైలట్ పాత లెక్కలో పగటి పనివాడు. రోజంతా నాలుగైదుసార్లు దిగొచ్చు. కొత్త లెక్కలో అతనిది రాత్రి డ్యూటీ. రెండుసార్లు దిగితే సరి. మిగతా సెక్టార్లకు ఇంకో జంట కావాలి. పొద్దున బారులు తీరే విమానాలన్నిటికీ ఇదే వర్తిస్తే, విమానాల సంఖ్య పెరగకుండానే పైలట్ల అవసరం అమాంతం పెరుగుతుంది.

కంపెనీలు కుదరదన్నాయి, అమలు వాయిదా పడింది, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. చివరికి 2025 జులై 1న కొంత, నవంబరు 1న మిగతాది అమలుకు వచ్చింది. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోసే ఇండిగో దగ్గర సరిపడా పైలట్లు లేరని డిసెంబరు మొదటి వారంలో తేలిపోయింది. 3 నుంచి 5వ తేదీ దాకా 2,500కు పైగా సర్వీసులు రద్దయ్యాయి, 3 లక్షల మందికి పైగా చిక్కుకుపోయారు. శంషాబాద్‌లో పెళ్లికి వెళ్లాల్సినవాళ్లు, ఇంటర్వ్యూకు వెళ్లాల్సినవాళ్లు కౌంటర్ల ముందు గోల పెట్టారు. ఆ కౌంటర్ల వెనక నిలబడి తిట్లు తిన్న పిల్లలకు రోస్టర్ (ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అన్న పట్టిక) రాసే గదిలో ఏం జరిగిందో ఏమాత్రం తెలియదు. దాదాపు రెండేళ్ల గడువు ఉండగా నియామకాలు ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు సమాధానం కష్టమేమీ కాదు: ప్రతి పైలట్ నుంచీ గరిష్ఠంగా గంటలు పిండితేనే చవక టికెట్టు లెక్క కుదురుతుంది. అదనంగా మనుషుల్ని పెట్టుకోవడం ఆ లెక్కలో దండగ. డీజీసీఏ కొన్ని నియమాలను సడలించి, రాత్రి నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. జనవరిలో రూ.22.2 కోట్ల జరిమానా వేసింది. అలసట తగ్గించాల్సిన నిబంధన అలసిపోయి కూర్చున్నట్టయింది.

ఇదంతా పైలట్లకే. క్యాబిన్ సిబ్బంది డ్యూటీ నిబంధనలు వేరే పుస్తకంలో ఉంటాయి, వాటి మీద ఇంత చర్చ జరగలేదు. వాళ్లు తమ మాట వినిపించడానికి ఇంకో దారి ఎంచుకున్న సందర్భం ఒకటుంది. 2024 మే 7 రాత్రి ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో వందలమంది ఒకేసారి జ్వరమన్నారు. పదుల సంఖ్యలో విమానాలు ఆగాయి. పాతిక మందిని తీసేసి, చర్చల తర్వాత మళ్లీ పిలిచారు. సమ్మె చేయలేని చోట జ్వరమే సమ్మె అవుతుంది.

ఇక ఇళ్ల సంగతి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖకు, రాజమండ్రికి టికెట్ల ధర ఎంత పెరిగితే, ఆ వారం సిబ్బందికి సెలవు దొరకడం అంత గగనం. పండగలన్నీ అంతే. స్టాండ్‌బై రోజు ఇంట్లోనే ఉన్నా ఉన్నట్టు కాదు. యూనిఫాం తీసిపెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని ఎప్పుడు పిలుపొస్తుందోనని కూర్చోవాలి. పిల్లవాడి స్కూలు వార్షికోత్సవానికి వస్తానని మాట ఇవ్వలేరు. 'ఫ్లైట్ లేదుగా, ఖాళీయేగా' అనే అత్తగారికి స్టాండ్‌బై అంటే ఏమిటో వివరించడం సిమ్యులేటర్ పరీక్ష కంటే కష్టమని ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు నవ్వుతూ అంటారు.

కొత్త నిబంధనల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని వాక్యం ఒకటుంది. సిబ్బంది పెట్టుకున్న అలసట ఫిర్యాదులు ఎన్ని, వాటిమీద ఏం చేశారు అని కంపెనీలు మూడు నెలలకోసారి డీజీసీఏకు నివేదిక ఇవ్వాలి. ఫిర్యాదు చేసినందుకు ఎవరినీ శిక్షించకూడదు. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. కానీ మూడుంబావుకు కింద క్యాబ్ హారన్ కొడుతున్నప్పుడు, నాలుగు గంటలు కూడా నిద్ర పట్టని మనిషి 'నేను ఈ రోజు ఎగరలేను' అని ఫోన్ చేయాల్సింది కంపెనీ రోస్టర్ విభాగానికే. ఆ అలసట నిజమైనదా, రాత్రి నిద్రపోకుండా సొంత పని చూసుకున్నందుకు వచ్చినదా అని ముందు తేల్చేదీ కంపెనీయే. తేలేదాకా ఆ రోజు ఏ ఖాతాలో పడుతుందో తెలియదు. చాలామంది ముఖం కడుక్కుని, టీ తాగి, లిఫ్టు దిగి క్యాబ్ ఎక్కేస్తారు.